రెండు పలకల మధ్య ఒక చుక్క

కొన్ని బాక్టీరియాల్లో ఉండే హైడ్రోజనేస్ ఎంజైమ్‌ను పరారుణ కాంతిలో పరీక్షించేవారి చేతిపని నాకెంతో ఇష్టం. నీరు ఈ కాంతిని తెగ తాగేస్తుంది. అందుకే ఆక్సిజన్ సోకని గ్లవ్‌బాక్స్‌లో, రెండు కాల్షియం ఫ్లోరైడ్ పలకల నడుమ, ద్రావణాన్ని వెంట్రుక మందాన పరుస్తారు. ఒక్క బుడగ చేరిందా, మళ్లీ మొదటికే.

సెంటీమీటరుకు 1900–2100 తరంగాల మధ్య ప్రోటీన్ దాదాపు మౌనంగా ఉంటుంది. అక్కడే మూడు సన్నని పట్టీలు కనిపించాయి. ఎంజైమ్‌లో నికెల్ పక్కనున్న ఇనుముకు అతుక్కున్నవి ఒక కార్బన్ మోనాక్సైడ్, రెండు సయనైడ్‌లు అని 1997లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సైమన్ ఆల్‌బ్రాహ్ట్ బృందం తేల్చింది. మన ప్రాణం తీసే విషాలే ఆ బాక్టీరియాకు పనిముట్లు! ఇనుము మీద ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగితే కార్బన్ మోనాక్సైడ్ పట్టీ కిందికి జరుగుతుంది. ఎంజైమ్ ఏ దశలో ఉందో ఆ కాస్త జరుగుడులోనే వాళ్లు చదివేస్తారు.