భయం పక్కనే హాస్యం: ‘టల్సా కింగ్’ కథనరీతి

గంభీర కథలోని ఉద్వేగాన్నీ హాస్యాన్నీ కలిపి అల్లి, వాటిలో ఏ ఒక్కటీ రెండోదానికి లొంగకుండా నడిపించే ధారావాహికను అమెరికన్ టెలివిజన్ పరిభాషలో ‘డ్రామెడీ’ అంటారు. టేలర్ షెరిడన్ సృష్టించగా, తొలి సీజన్‌కు టెరెన్స్ వింటర్ రచనాసారథ్యం వహించగా, 2022 నవంబరులో పారామౌంట్ ప్లస్‌లో మొదలైన ‘టల్సా కింగ్’ ఆ కోవలోనిదే. ఇందులో సిల్వెస్టర్ స్టాలోన్ పోషించిన డ్వైట్ మాన్‌ఫ్రెడీ, న్యూయార్క్‌లోని ఇటాలియన్ మాఫియా కుటుంబంలో ‘కాపో’, అంటే కొందరు అనుచరుల మీద పెత్తనం గల నాయకుడు. పోలీసుల ముందు నోరు విప్పకూడదన్న ‘ఒమెర్తా’ నియమానికి కట్టుబడి 25 ఏళ్లు జైలులో గడిపి వచ్చిన ఇతనికి పెద్దలు ఇచ్చిన బహుమానం, ఎవరూ పరిచయం లేని ఓక్లహోమా రాష్ట్రపు టల్సా నగరానికి సాగనంపడం.

మన అలంకారశాస్త్రం హాస్యానికి కరుణ భయానకాలను విరోధి రసాలుగా లెక్కించింది. అలాంటి విరోధాన్ని పరిహరించడానికి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చూపిన మార్గాలలో రెండు ఇక్కడ బాగా ఉపకరిస్తాయి: విరోధి రసాలను వేర్వేరు ఆశ్రయాలలో, అంటే వేర్వేరు పాత్రలలో నిలపడం ఒకటి, వాటి నడుమ మూడో రసాన్ని ప్రవేశపెట్టడం మరొకటి. కాశ్మీరంలో తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన ఈ ఆలోచన, అమెరికన్ మాఫియా కథ కీలు ఎక్కడుందో పట్టిచ్చేంత సూక్ష్మమైనది.

తొలి భాగంలో డ్వైట్ గంజాయి దుకాణంలో అడుగుపెట్టే ఘట్టమే ఇందుకు నిదర్శనం. అతను జైలుకు వెళ్లేనాటికి గంజాయి అమ్మకం నేరం. ఓక్లహోమా ఓటర్లు 2018లో వైద్య అవసరాలకు దానిని అనుమతించడంతో, ఇప్పుడది గాజు అరలలో బహిరంగంగా కనిపిస్తుంది. అతని విస్మయం మనకు నవ్వు తెప్పిస్తుంది, మరుక్షణమే అతను కాపలాదారును అడ్డు తప్పించి, యజమాని బోధీ వద్ద ‘రక్షణ’ పేరిట వాటా అడుగుతాడు. భయం బోధీది, హాస్యం డ్వైట్ అమాయకత్వానిది, రెంటి నడుమ నిలిచేది అద్భుత రసం. ఆశ్రయాలు వేరు కావడం వల్లనే ఒకటి మరొకదాన్ని చెరపదు. ఈ వసూలుకు వాస్తవిక ఆధారమూ ఉంది. రాష్ట్రం అనుమతించినా కేంద్రచట్టం దృష్టిలో గంజాయి నిషిద్ధమే కనుక, చాలా బ్యాంకులు ఆ వ్యాపారుల డబ్బు ముట్టవు, నగదు దుకాణంలోని ఇనప్పెట్టెలో పేరుకుంటుంది, దొంగకైనా దౌర్జన్యపరుడికైనా అదే ఆకర్షణ. చట్టంలోని ఈ సందును కథకు ఇరుసుగా మలచడం రచయితల గట్టి పనితనం.

వృద్ధాప్యాన్ని వాడుకున్న తీరు ఇంకా మెచ్చదగింది. హోటల్ గదిలో స్టేసీ అనే స్త్రీ అతని వయసు అడిగి, 75 అని వినగానే కంగారుగా బయలుదేరుతుంది. ఆమె ఆయుధ నేరాలను దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని కావడంతో, నవ్వుతో మొదలైన పరిచయమే తరువాత ముప్పుగా మారి, తొలి సీజన్ చివర అతన్ని అరెస్టు దాకా తీసుకువెళుతుంది. ఇలా ఒకే విషయానికి ముందు నవ్వునూ తరువాత మూల్యాన్నీ జతచేయడం ఈ ప్రక్రియకు ప్రాణం, ఎందుకంటే మూల్యం లేని నవ్వు నేరాన్ని ముద్దుచేయడమే అవుతుంది.

ఈ దారి కొత్తదేమీ కాదు. 2012లో వచ్చిన నార్వే ధారావాహిక ‘లిలీహామర్’లో స్టీవెన్ వాన్ జాంట్ పోషించిన ఫ్రాంక్, సాక్ష్యం చెప్పి ప్రాణరక్షణ కోసం ఆ దేశంలోని ఒక మంచు ఊరు చేరతాడు. మాట తప్పినవాడు కనుక అతను వెనుకటి జీవితం నుంచి దాగి బతకాలి. డ్వైట్ మాట నిలబెట్టుకుని కూడా వెలి అయినవాడు, అందువల్ల అతని హాస్యం అడుగున ఆగ్రహం ఎప్పుడూ రగులుతూ ఉంటుంది. అన్న అంత్యక్రియలకు న్యూయార్క్ వెళ్లి, తనకు దూరమైన కూతురు టీనాను ఎదుర్కొనే భాగాలలో రచయితలు హాస్యాన్ని దాదాపు పూర్తిగా పక్కన పెట్టారు. అది సరైన నిర్ణయం, కరుణకు అక్కడ తోడు అక్కరలేదు. 2024లో వచ్చిన రెండో సీజన్‌లో కాన్సస్ సిటీ నుంచి ఒకరు, టల్సాలోనే ఇంకొకరు ప్రత్యర్థులుగా చేరడంతో ఎత్తులకూ బెదిరింపులకూ నిడివి పెరిగి, తండ్రీకూతుళ్ల మధ్య మిగిలిపోయిన లెక్కలకు చోటు తగ్గింది.