ఒకే వయసు, రెండు కొలతలు

అమెరికా కోర్టులు ఇచ్చిన రెండు తీర్పుల్ని పక్కపక్కన పెట్టి చదివితే, పిల్లల ఒంటిమీది బట్టలకు చట్టం ఇచ్చే విలువ వాళ్లు నిలబడ్డ గదిని బట్టి మారిపోతుందని తెలుస్తుంది.

మొదటిది సాఫర్డ్ కేసు. 2003లో అరిజోనాలోని ఒక బడిలో 13 ఏళ్ల అమ్మాయి నొప్పి మాత్రలు పంచుతోందని అనుమానించారు. అవి 400 మిల్లీగ్రాముల ఇబుప్రొఫెన్ మాత్రలు. సంచీ వెతికితే ఏమీ దొరకలేదు. నర్సు గదికి తీసుకెళ్లి పైబట్టలు విప్పించారు, లోదుస్తుల్ని ఒంటినుంచి లాగిపట్టి దులపమన్నారు. అక్కడా ఏమీ లేదు. ఈ సోదా రాజ్యాంగ విరుద్ధమని 2009లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో తేల్చింది. జస్టిస్ సౌటర్ తీర్పులో నాకు విలువైనదిగా తోచేది ఆయన వేసిన ప్రశ్న. ఈ మాత్రల వల్ల అంత ప్రమాదం ఉందా? ఈ అమ్మాయి వాటిని లోదుస్తుల్లోనే దాచిందనుకోవడానికి ఆధారం ఏది? కోర్టు చూపు ఆ ఒక్క పిల్ల మీదే నిలిచింది. అప్పటికి చట్టం స్పష్టంగా లేదంటూ సిబ్బందిని మాత్రం బాధ్యత నుంచి తప్పించింది. హక్కు ఉందని చెప్పి, దాన్ని కాలరాసినవాళ్లను వదిలేయడం ఈ తీర్పులోని పెద్ద లోటు.

అదే 2009లో పెన్సిల్వేనియాలో 12 ఏళ్ల అబ్బాయిని లాంకాస్టర్ కౌంటీ బాలల నిర్బంధ కేంద్రానికి తెచ్చారు. ఇరుగుపొరుగు గొడవలో కత్తి చూపాడన్నది ఆరోపణ. లోపలికి వచ్చే ప్రతి పిల్లవాడికీ చేసినట్టే అతనికీ బట్టలు విప్పించి సోదా చేశారు. 2015లో మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. 2012లో ఫ్లోరెన్స్ కేసులో సుప్రీంకోర్టు వయోజన ఖైదీల విషయంలో 5-4తో ఒప్పుకున్న సూత్రాన్నే, అంటే ప్రత్యేక అనుమానం లేకున్నా సోదా చేయవచ్చన్నదాన్నే, పిల్లలకూ వర్తింపజేసింది.

కత్తి ఆరోపణ ఉన్నవాణ్ణి వెతకడానికి కారణం చూపడం కష్టమేమీ కాదు. కానీ కోర్టు ఆ కారణాన్ని అడగనే లేదు. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లకూ, కత్తి పట్టిన పిల్లాడికీ గుమ్మం దగ్గర ఒకటే నియమం. పిల్లలు పెద్దలకంటే సున్నితమైనవాళ్లని కోర్టే ఒప్పుకుంది. ఆ వెంటనే, సున్నితమైనవాళ్లు కాబట్టే ప్రభుత్వం వాళ్లను మరింత జాగ్రత్తగా కనిపెట్టుకోవాలనీ, గాయాలూ జబ్బులూ ఉన్నాయేమో చూడాలనీ అంది. పిల్లవాడికి కవచం కావలసిన వాదం ఇక్కడ అతని బట్టలు విప్పించే అధికారంగా మారింది. గాయాలు చూడాల్సింది డాక్టరు. ఆ పని కాపలాదారుకు అప్పగించి దాన్ని సంరక్షణ అనడం నాకు మింగుడుపడదు.

కనెక్టికట్ నుంచి వచ్చిన 2004 నాటి ఎన్.జి. కేసు ఈ చిక్కును ముందే బయటపెట్టింది. అందులోని ఇద్దరు అమ్మాయిల మీదా నేరారోపణే లేదు. నిర్బంధ కేంద్రంలో ప్రవేశం దగ్గర చేసిన సోదాలను రెండో సర్క్యూట్‌లో మెజారిటీ సమర్థించింది. ప్రభుత్వ కస్టడీలోనే ఉండగా ఒకచోటినుంచి మరోచోటికి మార్చినప్పుడు మళ్లీ చేసిన సోదాలకు మాత్రం కారణం కావాలంది. అప్పుడు అక్కడ న్యాయమూర్తిగా ఉన్న సోనియా సోటోమేయర్ విభేదించారు. మొదటి సోదాకైనా ఆ పిల్లమీద ప్రత్యేకమైన అనుమానం ఉండాలన్నది ఆమె మాట. ఈ మూడు కేసుల్లోనూ, తర్వాత సాఫర్డ్‌లో వినిపించిన ప్రశ్నను నిర్బంధ గృహం గుమ్మందాకా తెచ్చింది ఆమె ఒక్కరే.

అలాగని నియమం రాతలో ఉంటే చాలదు. ఇంగ్లండ్ పోలీసు నియమావళి ప్రకారం పిల్లల్ని ఇలా బట్టలు విప్పించి సోదా చేస్తే, అత్యవసరమైతే తప్ప, పోలీసులు కాని పెద్దవారొకరు పక్కన ఉండాలి. 2020లో లండన్‌లోని హాక్నీలో 15 ఏళ్ల నల్లజాతి అమ్మాయిని, అదీ నెలసరిలో ఉండగా, బడిలోనే పోలీసులు అలాంటివారెవరూ లేకుండా సోదా చేశారు. 2018 నుంచి 2022 నడిమిదాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులు ఆపి వెతికే క్రమంలో పిల్లల మీద జరిగిన ఇలాంటి 2,847 సోదాలను అక్కడి బాలల కమిషనర్ పరిశీలిస్తే, సగానికి పైగా సందర్భాల్లో పక్కన పెద్దవారు ఉన్నట్టు నమోదే కాలేదు.

సాఫర్డ్ అడిగిన కారణం సోదాకు ముందే కాగితం మీద పడాలి, హాక్నీలో లేని ఆ పెద్దమనిషి దాని కింద సంతకం చేయాలి. లాంకాస్టర్ కేంద్రంలో ఆ పన్నెండేళ్లవాడికి ఈ రెండింటిలో ఒక్కటీ దక్కలేదు.