ఎవరికి తగ్గ మాట

ఒకే సంగతిని నలుగురికి నాలుగు రకాలుగా చెప్పడం మన ఆడవాళ్ళకి ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు. పిల్లకి సంబంధం కుదిరిందనుకోండి. అత్తగారికి చెప్పేటప్పుడు కుర్రాడి గోత్రంతో మొదలు పెడతాం. చెల్లెలికైతే ముందు అతని ఉద్యోగం, జీతం. పక్కింటావిడతో, "ఏదో, వాళ్ళే అడిగారండీ" అంటాం. శుభలేఖ వేయించేటప్పుడు వీటిలో ఒక్కటీ ఉండదు. ఇన్ని రకాలుగా చెప్పినా ముహూర్తం మాత్రం ఎవరికీ మార్చి చెప్పం. తక్కిన మాటలన్నీ మనిషిని బట్టి. ఆ ఒక్కటీ పంచాంగాన్ని బట్టి.

ఇప్పుడు ఈ విద్యలో మనకి పోటీగా కృత్రిమ మేధ వచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది మొదలు, ఇలాంటి యంత్రాలు ఎన్నో వచ్చాయి. ఒక వ్యాసం ఇచ్చి, "దీన్ని వాట్సాప్‌కి తగ్గట్టు చెయ్యి, రీల్‌కి తగ్గట్టు చెయ్యి, పత్రికకి తగ్గట్టు చెయ్యి" అంటే కాఫీ కలుపుకునేలోగా చేసి పెడతాయి. వంటలు, భక్తి సందేశాలు, ఆరోగ్య సలహాలు... మనం రోజూ ఫోనులో చదివేవాటిలో ఇలా తయారైనవి ఎన్నో పోల్చుకోవడం కూడా కష్టమే. నవల వస్తే సమీక్ష రాస్తాం, సినిమా వస్తే చీల్చి చెండాడతాం. ఇంతమంది ఇంత నమ్మకంగా చదివే ఈ రాతల్ని మాత్రం ఎవరూ విమర్శకి ఎక్కించరేం అనిపించి, ఆ పని నేనే పెట్టుకున్నాను.

పరీక్షకి చాలా చిన్న విషయం తీసుకున్నాను. విరేచనాలు పట్టుకున్న పసివాళ్ళకి ఇంట్లో కలిపి ఇచ్చే ఉప్పూ పంచదార నీళ్ళు. మా అద్దంకి వైపు మిరప కోతలప్పుడు చంటిపిల్లల్ని వెంటబెట్టుకుని చేలకి వెళ్ళే తల్లులున్నారు. ఎండాకాలం ముదిరే రోజులు. వాళ్ళకి ఇది తెలిసి ఉండటం అవసరం. లీటరు శుభ్రమైన నీళ్ళు, ఆరు టీ చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. చెంచా గోపురంలా నిండకూడదు, వేలితో సరిచెయ్యాలి. ఓఆర్‌ఎస్ పాకెట్టు దొరికితే అదే మేలు. ఉప్పు ఎక్కువైతే పసివాడికి ప్రమాదం. బిడ్డ మగతగా పడి ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఇదంతా ఒక పేజీలో రాసిచ్చి, నాలుగు రూపాల్లో తయారు చెయ్యమన్నాను.

మొదటిది పత్రికకి. తప్పు పట్టడానికి లేదు, అన్నీ ఉన్నాయి. కాని "నిర్జలీకరణ", "ద్రావణం", "సేవనం" అంటూ నడిచింది. నాలుక పిడచకట్టుకుపోవడం, కళ్ళు గుంటలు పడటం అని మనకి చక్కని మాటలుండగా ఆ గొడవెందుకో! పాఠ్యపుస్తకాన్ని పత్రిక అనుకుంది కాబోలు.

రెండోది వాట్సాప్‌కి. "ప్రియమైన అమ్మలారా!" అని మొదలుపెట్టి, వాక్యానికో నమస్కారం బొమ్మ పెట్టింది. ముఖ్యమైన మాటలకి అటు రెండు, ఇటు రెండు నక్షత్రాలు తగిలించింది. వాట్సాప్‌లో అక్షరాలు లావుగా రావాలంటే అటొకటి, ఇటొకటి చాలు. అందుచేత లావైన అక్షరాలకి తోడు చుక్కలు కూడా మిగిలి, సందేశం సంక్రాంతి ముగ్గులా తయారైంది. ఇది నవ్వుకునే తప్పు. నవ్వుకోలేనిది మరొకటుంది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలో అన్న మాట అట్టడుగున పెట్టింది. పొడుగు సందేశాన్ని ఫోను సగంలో మడిచేసి "ఇంకా చదవండి" అంటుంది కదా, ఆ మడతలోకి పోయింది. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకున్న తల్లి మడతలు విప్పి చదువుతుందా?

మూడోది అర నిమిషం రీల్‌కి. "ఈ చిట్కా తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు!" అని ఉత్సాహంగా ఎత్తుకుని, "కాస్త ఉప్పు, కొంచెం పంచదార, నీళ్ళు... అంతే!" అని ముగించింది. కాస్త, కొంచెం అన్న కొలతలతో మనం పులుసు పెట్టుకుంటాం. చెయ్యి తిరిగినవాళ్ళం గనుక కుదురుతుంది, కుదరకపోతే నీళ్ళు పోసుకుంటాం. పసివాడి ఒళ్ళు పులుసుగిన్నె కాదు.

నాలుగోది మామూలు ఫోనుకి పంపే ఎస్సెమ్మెస్. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక సందేశంలో 160 పడతాయి. తెలుగుకి వచ్చేసరికి 70 మాత్రమే. అందులోనూ ఒత్తులు, గుణింతాలు వేటికవి విడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం ఆరింటి చోటు ఆక్రమిస్తుంది. (మనం బరువైనవాళ్ళమని యంత్రం కూడా ఒప్పుకున్నట్టే!) అందుకని పొదుపుగా ఇలా రాసింది: "నీళ్ళలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగించండి." చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో! కాని ఎన్ని నీళ్ళు? ఏ తల్లయినా చేతికందిన గ్లాసులో కలిపితే ఉప్పు అయిదింతలవుతుంది. ఓపిగ్గా లెక్కపెట్టి చూశాను. ఆ సందేశం 56 తీసుకుంది. "లీటరు" చేర్చినా 62. చోటు ఉంది. అయినా ఆ మాట పోయింది.

ఎందుకు పోయిందంటే, ఏ మాట వెనక ఏ మాట వస్తుందో కోట్ల కొద్దీ వాక్యాలు చదివి పట్టుకున్న యంత్రం ఇది. రీల్ ఎలా అరుస్తుందో, వాట్సాప్ ఎలా దణ్ణాలు పెడుతుందో, పొట్టి సందేశం ఎంత పొదుపుగా ఉంటుందో దానికి తెలుసు. ఆ వేషాలు బ్రహ్మాండంగా వేస్తుంది. ఏ మాట మీద బిడ్డ ప్రాణం ఆధారపడి ఉందో మాత్రం వేషాన్ని చూసి తెలిసేది కాదు.

యంత్రాన్నే ఎందుకనాలి, మనుషులు చెయ్యలేదా? నిన్న మొన్నటి దాకా తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలు పెద్దగా మెరిసేవి. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమం కాదన్న హెచ్చరిక ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండేది. హైదరాబాదులో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ మిశ్రమం కానివాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. డబ్బా మీద అబద్ధం రాయనక్కర్లేదు, నిజాన్ని చిన్న అక్షరాల్లో వేస్తే చాలునన్నమాట.

"చోటు తక్కువైనప్పుడు ఏదో ఒకటి వదలక తప్పదు కదండీ" అంటారేమో. రాయి మీద కన్నా తక్కువ చోటు ఎక్కడుంది చెప్పండి? ప్రతి అక్షరమూ ఉలితో చెక్కాలి. మా అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం క్రీ.శ. 848 నాటిదంటారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని వేయించినది. అందులో తరువోజ పద్యం ఉంది, తెలుగు పద్యానికి అంత పాత సాక్ష్యమని చిన్నప్పుడు బడిలో మనందరికీ చెప్పారు. పద్యం తరవాత ఏముందో ఎవరూ అంతగా చెప్పరు. సేనాని పన్నెండు బోయకొట్టాలు గెలిచిన పరాక్రమమంతా పద్యంలో ఉంది. అది విని ఆనందించేవాళ్ళ కోసం. ఆదిత్యభటారుడికి ఇచ్చిన భూమి ఎనభై పుట్లదన్న సంగతి పద్యంలో ఇరికించలేదు. విడిగా, మామూలు వచనంలో చెక్కించారు. అది రేపు పొలం గట్టు మీద నిలబడి కొలుచుకునేవాళ్ళ కోసం. దీన్ని కాపాడినవారికి అశ్వమేధ ఫలం దక్కుతుందన్న మాట ఆపైన రాబోయే పాలకుల కోసం. ఒకే రాయి, ముగ్గురు పాఠకులు. ఎవరి ధోరణి వారిదే. ఎనభై పుట్లు మాత్రం "కొంత నేల" కాలేదు.

గొంతు మార్చడం కూడా తప్పని నేననను. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన, పద్నాలుగో శతాబ్దంలో కూచుని, నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషాన్ని నన్నయ పేరుతోనే, ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితంగా పూర్తి చేశాడు. నన్నయ ధోరణిలో మొదలై మెల్లగా తిక్కన ధోరణిలోకి జారుతుందని పండితులు మురిసిపోతారు. తన రాజుకి ఇచ్చిన హరివంశం మళ్ళీ వేరు. గొంతు ఎవరి కోసం మారుస్తున్నాడో, ఎంతవరకు మార్చాలో ఆయనకి తెలుసు.

న్యాయంగా మరోమాట కూడా చెప్పాలి. రెండోసారి అడిగేటప్పుడు, "లీటరు, ఆరు, అర, సరిచేసిన చెంచా, డాక్టరు దగ్గరికి ఎప్పుడు... ఈ అయిదూ ఎక్కడా పోకూడదు" అని ముందే చెప్పాను. అప్పుడు రీల్ అన్నిటికన్నా బాగా వచ్చింది! మొదట లీటరు సీసా చూపించమంది. తరవాత చెంచా మీద వేలితో గీసి, పైన ఉన్న ఉప్పు రాలిపోవడం దగ్గరగా చూపించమంది. నేను పత్రికలో రెండు వాక్యాలు రాసినా అంత తేటగా రాదు. చదువురాని తల్లికి కూడా అర్థమవుతుంది. చూపు ఆనని పెద్దవాళ్ళకి ఇదే విషయాన్ని పైకి చదివి వినిపించమన్నా వినిపిస్తుంది. ఇంత పనిమంతురాలిని వద్దనడం తెలివితక్కువ. కాని ఆ అయిదు సంగతుల పట్టీ ఇవ్వవలసింది మనిషే. విషయం తెలిసిన మనిషి.

కనక మీ ఫోనుకి ఏదైనా చిట్కా వస్తే దాని ముస్తాబు చూసి మురిసిపోకండి. కొలత ఉందా, ఎవరికి పనికిరాదో ఉందా, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో ఉందా చూడండి. లేకపోతే ఆ చిట్కా ఎంత ముద్దుగా ఉన్నా, పంపింది సొంత ఆడపడుచే అయినా, మీ దగ్గరే ఆపెయ్యండి. ఇంకొకరికి పంపకండి.