మారని లయ, మారే నాదం

ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం మీద తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది: వాయించిందే మళ్లీ మళ్లీ వాయిస్తారని. అది నిజమే. ఆ సంగీతానికి బలం కూడా సరిగ్గా అక్కడే ఉందని నా వాదన. హౌస్ సంగీతాన్నే తీసుకుందాం. నిమిషానికి దాదాపు 120 నుంచి 130 దెబ్బల వేగం. ప్రతి దెబ్బకూ కిక్ డ్రమ్. రెండు దెబ్బల నడిమధ్య హై-హ్యాట్ పలుకు. నాలుగు ఆవర్తాలు వినేసరికి ఆ లయ ఒంటికి పట్టేస్తుంది, ఇక దాన్ని లెక్కపెట్టే పని ఉండదు. అలా తీరిక దొరికిన చెవి నాదం మీదికి మళ్లుతుంది: అది ఎంత గరుకుగా ఉంది, ఎప్పుడు పదునెక్కింది, ఏ పొర వచ్చి చేరింది, ఏది తప్పుకుంది అని వెతుకుతుంది. కచేరీలో తంబూరా చేసే పనే ఇక్కడ లయ చేస్తుంది. తాను మారకుండా ఉండి, మారేదాన్ని పట్టి చూపిస్తుంది.

నాకు ఎంతో ఇష్టమైన ట్రాకులే ఇందుకు సాక్ష్యం. 1977లో డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’ను మ్యూనిక్‌లో జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ తయారుచేశారు. మూగ్ సింథసైజర్ మీద పుట్టిన బేస్ వరస ఒక చెవికి నేరుగా, రెండో చెవికి రవ్వంత ఆలస్యంగా అందుతుంది. దాంతో వాయించిన స్వరాలు రెట్టింపైనట్టు తోచి, పాట పరుగందుకుంటుంది. పదేళ్ల తర్వాత షికాగోలో ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసింది. దాని నిడివి పదకొండు నిమిషాలు దాటుతుంది. చెప్పుకోదగ్గ బాణీ లేదు, మాటలు లేవు. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే చిన్న పెట్టెను గిటారిస్టులు ఒంటరిగా సాధన చేసేటప్పుడు బేస్ తోడుగా ఉండాలని చేసింది; అది అమ్ముడుపోక సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరింది. ఫ్యూచర్ కుర్రాళ్లు అందులో ఒకే వరసను తిప్పుతూ, ఫిల్టర్ నాబ్‌లను మెల్లగా మెలిపెట్టారు. స్వరాలు అవే, కానీ గొంతు మారుతూ పోతుంది: గొణుగుతుంది, కీచుమంటుంది, మళ్లీ అణగుతుంది. బాణీ కోసం వెతికేవారికి ఇందులో ఏమీ దొరకదు. నాదాన్ని వినేవారికి పదకొండు నిమిషాలూ నిండుగా ఉంటాయి.

యంత్రమే వాయిస్తుంటే మనిషి పనేముందని అడగవచ్చు. ఎప్పుడు తిప్పాలో, ఎంత తిప్పాలో, ఎక్కడ ఆపాలో నాబ్‌కు తెలియదు. ఆ నిర్ణయాలన్నీ మనిషివే. డెట్రాయిట్ నుంచి 1987లో డెరిక్ మే తెచ్చిన ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ వినండి. డాన్స్ ట్రాకుకు ప్రాణమనుకునే బేస్ వరసే అందులో లేదు. పియానో ముక్కలు, తంత్రుల మెరుపులతోనే జనాన్ని ఆడించవచ్చన్న తెగువ ఏ యంత్రానిది? మనకు దగ్గరి సాక్ష్యమూ ఉంది. బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో అదే టీబీ-303ను, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో లయ మీద వాయించాడు. మన మోహనానికి దగ్గరైన భూపాలి, హిందోళానికి సాటి అయిన మాల్‌కౌఁస్ అందులో ఉన్నాయి. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ రికార్డు 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ఆశ్చర్యపోయింది. అదే పెట్టె షికాగోలో గొంతు మార్చింది, బొంబాయిలో రాగం పలికింది. తేడా వాయించిన మనిషిలో ఉంది.

ఇదంతా క్లబ్బుల హోరేనని, ఇంట్లో కూర్చుని వినడానికి పనికిరాదని మరో మాట. ఆడటానికి చేసిన సంగీతాన్ని ఆటతోనే కొలవాలి. ట్రాకు మొదట్లోనూ చివర్లోనూ ఉత్త లయనే ఉంచేది, డీజే ఒకదానిలోకి మరొకటి తెగకుండా కలపడానికి; నడుమ కిక్ డ్రమ్‌ను తీసేసి కాసేపు ఆగేది, అది తిరిగి వచ్చినప్పుడు జనం ఒక్కసారిగా ఎగరడానికి. ఆ ఆట ఎవరికి ఆసరా అయిందో కూడా చూడాలి. 1979 జూలై 12న డిస్కో అంటే గిట్టనివాళ్లు షికాగో కొమిస్కీ పార్క్ మైదానంలో డిస్కో రికార్డులను పోగేసి పేల్చేశారు. ఆ నగరంలోనే నల్లజాతి యువకులు, స్వలింగ ప్రేమికులు చేరే క్లబ్బుల్లో, ఆ డిస్కో నుంచే హౌస్ రూపుదిద్దుకుంది. బయట చోటు దొరకని వాళ్లకు రాత్రంతా తెగని ఆ లయ ఒక చోటు ఇచ్చింది. అచ్చులో పోసినట్టు తయారయ్యే ట్రాకులు ఇందులో కుప్పలు తెప్పలు, ఒప్పుకుంటాను. అలాంటి సరుకు లేని సంగీత సంప్రదాయం లేదు. ఏ కళనైనా దాని మేలైన పనితో తూచడమే న్యాయం. కాబట్టి తీర్పు చెప్పేముందు ‘యాసిడ్ ట్రాక్స్’ను మంచి స్పీకర్ల మీద, మధ్యలో ఆపకుండా, చివరిదాకా ఒక్కసారి వినండి.