కొంగున ముడేసుకున్న పాట

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్క వస్తువు మీద హక్కు ఉంటుంది. పేపరు ఆయనది. టీవీ రిమోటు పిల్లలది. పడక్కుర్చీ మామగారిది. మరి పాట ఎవరిది? ఇదేం ప్రశ్న అని నవ్వేయకండి. మన ఇళ్ళల్లో ఈ ప్రశ్నకి సరైన జవాబు రావడానికి నూరేళ్ళు పైనే పట్టింది. ఆ జవాబు తెచ్చింది విద్వాంసులూ కారు, సంస్కర్తలూ కారు. అరచేతిలో ఇమిడే సెల్‌ఫోను!

గ్రామఫోను రోజుల్లో అది ముందుగదిలో ఉండేది. ముల్లు ఎప్పుడు మార్చాలో, రికార్డు ఎలా పట్టుకోవాలో తెలిసినవాడు ఇంటి యజమాని ఒక్కడే. తరవాత రేడియో వచ్చింది. అదీ ముందుగదిలోనే. 1957లో వివిధభారతి మొదలయ్యాక పాటలకి కరువు లేకపోయింది గాని, అవి వంటింటి దాకా వచ్చేసరికి సగమే మిగిలేవి. పల్లవి పోపు చిటపటల్లో కలిసిపోయేది, చరణం కుక్కరు కూతలో కొట్టుకుపోయేది. మా తరం ఆడపిల్లలకి టేపురికార్డరు వచ్చింది. కేసెట్లు కొనేది మాత్రం అన్నయ్య. అతగాడి అభిరుచే ఇంటిల్లిపాది అభిరుచి! అంటే పాట మన చెవిన పడేదే గాని మన చేతిలో ఉండేది కాదన్నమాట. చెవిన పడడం వేరు, వినడం వేరు కదుటండీ?

2001లో ఐపాడ్ వచ్చింది. 2005లో వాక్‌మన్ పేరు పెట్టుకున్న పాటల ఫోనూ వచ్చింది. అయితే మామూలు ఇల్లాలి దగ్గరికి పాట నడిచి వచ్చింది గోరంత మెమరీకార్డు మీద. సందు చివర సెల్లు దుకాణంలో కాస్త డబ్బిస్తే, అక్కడి కుర్రాడు వందలకొద్దీ పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. 2016 తరవాత నెట్టు చవకైంది, ఆ కుర్రాడి అవసరమూ తగ్గింది. పాటల కోసమే పుట్టిన ఐపాడ్‌ని 2022లో ఆపేశారు. మాటల కోసం పుట్టిన ఫోను మాత్రం దాని ఉద్యోగాన్ని కూడా నెత్తిన వేసుకుని చేసుకుపోతోంది, మన ఆడవాళ్ళలాగే!

అంత చిన్న చోట అన్ని పాటలు ఎలా పట్టాయంటారా? ఒక శబ్దం గట్టిగా ఉన్నప్పుడు దాని వెనక ఉన్న సన్నని శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. ఎలాగూ వినపడని ఆ భాగాన్ని తీసేసి, పాటని సీడీలో ఆక్రమించే చోటులో సుమారు పదకొండో వంతుకి కుదించే పద్ధతిని జర్మనీ ఇంజనీర్లు తయారు చేశారు. అదే ఎంపీత్రీ. ఈ పద్ధతికి పరీక్ష పెట్టింది ఎవరో తెలుసా? సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని. ఆవిడ వాద్యాలేవీ లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ అనే పాటని కుదిస్తే మొదట్లో గొంతు పాడైపోయిందిట. ఆ గొంతు ఆవిడ గొంతులా వినిపించేదాకా వాళ్ళు దిద్దుతూనే ఉన్నారు. డప్పులూ బాకాలూ దాచిపెట్టగల లోపాన్ని ఒంటరి ఆడగొంతు బయటపెట్టింది. ఇందులో ఆశ్చర్యమేముంది, ఏ ఇంట్లోనైనా జరిగేదే!

ఇప్పుడు సెల్లు నడుం దగ్గర దోపుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, అంట్లు తోముకుంటూ ఇల్లాలు తనకి నచ్చిన పాట తాను వింటోంది. అక్కడే వచ్చింది చిక్కు. “పిలిస్తే పలకదు, ఎప్పుడూ ఆ పుల్లలు చెవుల్లోనే” అని అత్తగారు. “ఇంట్లో మనుషుల కంటే పాటలెక్కువా?” అని ఆయన. మరి ఇదే ఆయన పొద్దున్న గంటసేపు పేపరు నిలువుగా పట్టుకుని దాని వెనక మాయమైతే ఎవరూ ఏమీ అనరేం? పేపరు మగవాళ్ళ ఇయర్‌ఫోను. దానికి నూరేళ్ళ చెల్లుబాటు ఉంది. దీనికింకా లేదు, అంతే తేడా. ఇల్లాలు ఎప్పుడు పిలిచినా పలకాలనీ, ఆవిడ చెవులు ఇంటి ఉమ్మడి ఆస్తి అనీ మన నమ్మకం. ఆ నమ్మకాన్ని కదిలించిందే, అందుకే ఈ చిన్న పరికరమంటే నాకు గౌరవం.

గౌరవం ఉందని దోషాలు చెప్పకుండా ఊరుకుంటానా? మొదటి దోషం, పేర్లు మింగేయడం. రేడియోలో అనౌన్సరు సినిమా పేరు, రాసినవారు, స్వరపరిచినవారు, పాడినవారు అందరినీ చెప్పాకే పాట వేసేవారు. విని విని, బళ్ళో చదువుకోని పెద్దమ్మలకి కూడా ఏ పాట ఎవరిదో నోటికొచ్చేది. ఫోనులో బొమ్మ కనిపిస్తుంది, పాడినవారి పేరు కనిపిస్తుంది. రాసినవారు కావాలంటే మూడు చుక్కలు నొక్కి, లోపలికి వెళ్ళి వెతుక్కోవాలి, అక్కడైనా ఉంటే! 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ పాటలు వింటూ ఘంటసాల, భానుమతి అని మురిసిపోయే మా అమ్మాయిలకి, ఆ మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివని ఎవరు చెబుతారు? 1902లో కలకత్తాలో గ్రామఫోను కోసం పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పుకునేది. ఎక్కడో జర్మనీలో రికార్డు అచ్చువేసేవాళ్ళకి ఎవరి పాటో తెలియాలని అలా చెప్పేవారంటారు. ఆనాటి ముతక యంత్రం నిలబెట్టిన పేరుని ఈనాటి తెలివైన యంత్రం జారవిడవడం ఏం న్యాయం?

రెండో దోషం, తెలివి మీరడం. ఒక పాట అయిపోగానే “మీకిది నచ్చుతుంది” అని తనే మరోటి అందుకుంటుంది. మన ఫోను మన ఒక్కరిదా? పసివాడికి అన్నం పెడుతూ దానిలోనే ఏనుగు పాట వేస్తాం. అత్తగారికి సుప్రభాతం వేస్తాం. పెద్దాడు వాడి హోరు వాడు వేసుకుంటాడు. ఇవన్నీ కలిపి అదే మన అభిరుచి అనుకుంటుంది ఆ పిచ్చిది! వెనకటి అన్నయ్య స్థానంలో ఇప్పుడు యంత్రం కూర్చుందన్నమాట. పైగా డబ్బు కట్టకపోతే సుప్రభాతం మధ్యలో బట్టల సబ్బు ప్రకటన. నెలనెలా కడితే ప్రకటన పోతుంది గాని, పాట మాత్రం అద్దెదే. కట్టడం మానేసిన నెల పాటలన్నీ మాయం. పెట్టెలో దాచుకున్న కేసెట్టు అలా పోయేది కాదు, మహా అయితే టేపు చుట్టుకునేది.

మూడోది చెవులకి సంబంధించింది. 80 డెసిబెల్స్ మోతలో వారానికి 40 గంటలు మించవద్దని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరిస్తోంది. మోత పెరిగినకొద్దీ ఆ గంటలు తగ్గించుకోవాలి. లెక్కలు మనకెందుకు గాని, పక్కన నిలబడ్డ మనిషి మామూలుగా మాట్లాడిన మాట వినపడకపోతే పాట కాస్త తగ్గించాలని గుర్తు.

ఇక ఒంటరితనం సంగతి. పాట పదిమందితో పంచుకునేది పోయి చెవిలో గుసగుస అయిపోయిందని పెద్దలు బాధపడతారు. ఆ బాధలో నిజం లేకపోలేదు. 1979లో జపానులో సోనీవారు మొదటి వాక్‌మన్ అమ్మకానికి పెట్టకముందు, ఆ కంపెనీ పెద్ద అకియో మొరీటా దాన్ని ఇంటికి తెచ్చుకుని తలకి తగిలించుకు కూర్చున్నారు. ఆయన అలా తన లోకంలో తానుంటే భార్యకి చిరాకేసింది. తనని బయట నిలబెట్టి తలుపు మూసినట్టు అనిపించిందావిడకి. అది గమనించి ఆయన ఒకే పెట్టెకి ఇద్దరు తగిలించుకునే ఏర్పాటు చేయించారు. ఈ కథ ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. ఆ రెండో రంధ్రం తరవాతి వాటిలో పోయింది. ఎవరి పెట్టె వాళ్ళకే కావాలని జనం తేల్చేశారు.

పోతే పోయింది గాని, ఇయర్‌ఫోనుకి ఇప్పటికీ రెండు కొసలున్నాయి కదండీ! మన అరగంట మనం కడుపునిండా వినాల్సిందే, అందులో మొహమాటం అక్కర్లేదు. ఆ పాట ఎవరు రాశారో వెతికి తెలుసుకోవడం మన మర్యాద. అది కూడా అయ్యాక, సాయంత్రం పూలు కట్టుకునేటప్పుడు ఒక కొస మీ చెవిలో ఉంచుకుని రెండోది అత్తగారి చెవిలో పెట్టి చూడండి. ఆవిడకీ ఓ పాట ఉండే ఉంటుంది. ఆవిడ కాలంలో అది పోపు చిటపటల్లో సగం పోయిన పాట. పూర్తిగా వినడం బహుశా ఇదే మొదటిసారేమో!