‘ది ఐలాండ్ ప్రెసిడెంట్’ - చిత్రం చెప్పినదీ, చెప్పనిదీ

హిందూ మహాసముద్రంలోని మాల్దీవులు సుమారు 1,200 చిన్న దీవుల సముదాయం. వాటి నేలలో అధికభాగం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తయినా లేదు. సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో ఇట్టి దేశపు గతి ఏమిటి? ఈ ప్రశ్నతో లోకం ముందు నిలిచిన అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ కథను జాన్ షెంక్ 2011లో డాక్యుమెంటరీ చిత్రంగా అందించినాడు.

2009 డిసెంబరులో కోపెన్‌హాగన్‌లో జరిగిన వాతావరణ మహాసభ ఈ చిత్రానికి ఆయువుపట్టు. మంతనాలు సాగే గదులలోనికి కెమెరా ప్రవేశించినది. చిన్న దేశం తన మాట వినిపించుకొనుటకు ఎంత ప్రయాసపడవలెనో ప్రేక్షకుడు కళ్లారా చూడగలడు. ఇది ఈ చిత్రం సాధించిన ఘనత.

కాని శాస్త్రదృష్టితో చూస్తే ఒక లోపం కనిపిస్తుంది. నీరు పెరిగితే దీవి మునుగుతుందన్న ఊహతోనే చిత్రం తృప్తిపడినది. పగడపు దీవి నీటిలో ఉంచిన పళ్లెం వంటిది కాదు. పగడాల శిథిలాలను అలలు ఒడ్డుకు చేర్చగా ఏర్పడినది; అలలను బట్టి రూపు మార్చుకొనేది. పసిఫిక్‌లోని తువాలులో 101 దీవులను పరిశీలించగా, 1971-2014 మధ్య మొత్తం వైశాల్యం 2.9 శాతం పెరిగినట్లు 2018లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది.

అట్లయితే భయం లేదా? ఉన్నది; అది మరొక దారిన వస్తుంది. ఈ దీవులలో ఇంకిన వాననీరు, సాంద్రత తక్కువ కాబట్టి, నేలలోని ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతుంది. ఉప్పెన అలలు నేలపైకి వస్తే ఆ బావినీరు చెడుతుంది. సముద్రం వేడెక్కితే పగడాలు పాలిపోయి మరణిస్తాయి. 1998లో మాల్దీవులలో జరిగినది అదే. పగడాలు చస్తే దీవికి ఇసుక ఎక్కడిది? నేల మునుగకముందే మనిషి మనుగడ దుర్భరం కావచ్చును.

చిత్రం భారమంతా ఒక్క నాయకునిపైన మోపుట మరొక లోపం. 2012 ఫిబ్రవరిలో నషీద్ పదవి వీడినాడు. సమస్య మాత్రం దీవులను వీడలేదు.

అయినను విద్యార్థులు తప్పక చూడదగిన చిత్రమిది. చూచిన పిమ్మట ఉపాధ్యాయుడు గాజుగ్లాసులోని ఉప్పునీటిపై రంగు కలిపిన మంచినీటిని మెల్లగా పోసి, ఆ పొరను చూపించవలెను. ఆపైన గ్లాసును ఒక్కసారి కుదపవలెను. చిత్రం చెప్పని మాట అప్పుడు బోధపడుతుంది.