హైడ్రైడు: పేరును తీరును

యలహంక నాడప్రభువైన కెంపేగౌడ 'గంగాగౌరీవిలాస'మను యక్షగానమును తెలుగున రచించెనని ప్రతీతి. ఆనాడు యక్షగానమునకు చాలిన తెలుగు నేడు రసాయనశాస్త్రమునకును చాలునా? 'హైడ్రైడు' అను ఒక్క పదము ఇందుకు చక్కని పరీక్ష.

హైడ్రైడనగా ఋణావేశము గల ఉదజని యని పాఠ్యపుస్తక నిర్వచనము. సోడియం హైడ్రైడు విషయమున నిది యథార్థమే. పరివర్తన లోహముల యెడ మాత్రము నిలువదు. 1930వ దశకమున జర్మనీలో వాల్టర్ హీబర్ పరిశోధించిన కోబాల్టు కార్బొనైల్ హైడ్రైడు నీటిలో బలమైన ఆమ్లము. దాని యుదజని ధనావేశముతో ప్రోటానుగా విడివడును. ఇంటిపేరు కస్తూరివారన్న సామెత ఇచట చక్కగా వర్తించును.

అందలి నాలుగు కార్బన్ మోనాక్సైడు అణువులలో ఒకదానికి బదులు ట్రైఫినైల్ ఫాస్ఫీనును నిలిపినచో, ఎసిటోనైట్రైలు ద్రావణమున ఆమ్లబలము సుమారు కోటి రెట్లు తగ్గును. కార్బన్ మోనాక్సైడు లోహమునుండి ఎలక్ట్రానులను లాగికొనును. ఫాస్ఫీనులోని భాస్వరము తన ఎలక్ట్రాను జంటను లోహమున కొసగును. అట్లు పుష్టినొందిన లోహము ప్రోటానును సులభముగా విడువదు. 1957లో చాట్, డంకన్‌సన్, షాలు ప్రకటించిన ప్లాటినం హైడ్రైడు స్థిరముగా నిలుచుటకును రెండు ట్రైఎథిల్ ఫాస్ఫీనుల అండయే తోడ్పడినది. కాగా ఉదజని గుణమును నిర్ణయించునది దాని పేరు కాదు, దాని పొరుగు.

1984లో కూబాస్ బృందము మరియొక వింతను చూపెను. ఫాస్ఫీనులు గల టంగ్‌స్టన్ సమ్మేళనమున ఉదజని అణువు రెండుగా చీలకయే లోహమును అంటియుండెను. స్వేచ్ఛగానున్నపుడు 0.74 ఆంగ్‌స్ట్రాములైన పరమాణుదూరము అచట సుమారు 0.82 అయినది. అది చీలినచో హైడ్రైడు, చీలకున్న కాదు. ఈ చీలిక మర్మమునే బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్య బాలాజీ జగీర్దార్ బృందము రుథీనియం ఫాస్ఫీను సమ్మేళనములందు పరిశోధించినది.

ఇట్టి పదమును 'ఋణోదజనిద'మని సంస్కృతీకరించినచో పేరుతో పాటు పొరపాటును తెలుగగును. హైడ్రైడును హైడ్రైడుగనే యుంచి, దాని నడతను తేటతెలుగున విప్పిచెప్పుట మేలు. కన్నడనాట తెలుగు చదువు బాలునకు కావలసినది క్రొత్త పేరు కాదు. ఆ పేరును ప్రశ్నింపగల వివేకము. దానిని తన భాషలోనే పొందినపుడు తెలుగు అతనికి ఇంటిమాటగనే గాక జ్ఞానభాషగను నిలుచును.